కీమేన్ సత్యవేదం మళ్ళీ బీటుకెళ్ళాడు

రిచర్డ్ శవపేటిక కంటే ముందే సత్యవేదం సమాధుల తోటకు చేరుకున్నాడు. కథంతా అక్కడే మొదలైంది.

రిచర్డ్, సత్యవేదం ఒకే ఏడు రైల్వేలో చేరారు. ఖరగ్‌పూర్‌లో పట్టాల మరమ్మతు చేసే ఒకే గేంగులో పనిచేశారు. ఎండల్లో ఒకే కుండలో నీళ్ళు తాగారు. మొన్న దసరా పూజల పందిళ్ళు విప్పి, వెదురు బొంగులు ఇంకా రోడ్డు పక్కన పడి ఉన్న రోజుల్లో, రిచర్డ్ నిద్రలోనే వెళ్ళిపోయాడు. ట్రాఫిక్ కాలనీ చర్చి నుంచి సమాధుల తోటకు కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. పేటికను భుజాల మీద మోసుకుపోవడం అక్కడి తెలుగువాళ్ళ ఆనవాయితీ.

"ముందు కొమ్ము నాది. ఎవడూ ముట్టుకోకండి," అన్నాడు సత్యవేదం.

పట్టుకున్నాడు. నలభై అడుగులు వేశాడేమో, ఆయాసం ముంచుకొచ్చింది. కుడి మడమ మెలిపెట్టినట్టయింది. పక్కన నడుస్తున్నవాడెవరో భుజం అందించి, ఆయన్ని మెల్లగా పక్కకు తప్పించాడు. సరే, వెనకాల నడుద్దాంలే అనుకున్నాడు. ఊరేగింపు ముందుకు సాగుతోంది, ఈయన వెనక్కు జారుతున్నాడు. చివరికి ఆడవాళ్ళ వరస కూడా దాటిపోయాక, సంఘం పెద్ద ఒకాయన జాలిపడి ఒక టోటోను ఆపి ఎక్కించాడు. ఆ బేటరీ బండి కుర్రాడు బెంగాలీవాడు. చావు వెనకాల మెల్లగా పోవాలని వాడికెవరూ చెప్పలేదు. సందులో తిప్పి, ఐదు నిమిషాల్లో తోట గేటు దగ్గర దించేసి పోయాడు.

పాటలు పాడుకుంటూ పేటిక వచ్చేసరికి సత్యవేదం గేటు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. పాత గేంగు మనిషి ఆర్థర్‌కు నోరు ఊరుకోదు.

"ఏటి సత్యవేదం, రిచర్డ్ కంటే నీకే తొందరగా ఉన్నట్టున్నాదే!"

ఏడుస్తున్న రిచర్డ్ భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సత్యవేదమూ నవ్వాడు. కానీ ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

సహించకపోవడానికి కారణం ఉంది. ఆయన మామూలు మనిషైతే సర్దుకుపోయేవాడు. ఆయన కీమేన్. రైలు పట్టాలను కిందనున్న దిమ్మలకు బిగించి పట్టుకునే ఇనప కీలు ఊడిపోకుండా, వదులు కాకుండా చూసుకునే మనిషి. భుజాన పొడుగుపిడి సుత్తి, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా. పొద్దున్నే పక్క స్టేషను హిజ్లీ వైపు ఒక లైను చూసుకుంటూ వెళ్ళడం, రెండో లైను చూసుకుంటూ తిరిగి రావడం. రోజూ తిరిగే ఆ దారిని బీటు అంటారు. ఆయన బీటు రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు. అలా ఇరవై ఆరేళ్ళు. కొడుకు అనిల్ కుమార్ బళ్ళో చదువుకునే రోజుల్లో ఒకసారి లెక్కగట్టి, "నాన్న భూమి చుట్టూ రెండు చుట్లు తిరిగినాడమ్మా" అని వీధంతా చెప్పుకొచ్చాడు.

నలభై తొమ్మిదో ఏట, ఒక వానాకాలం పొద్దున, కంకర మీద కాలు మెలికపడి మడమ దగ్గర రెండు ఎముకలు విరిగాయి. అతుక్కున్నాయి గానీ లైను మీద పనికి డాక్టర్లు ఒప్పుకోలేదు. గేంగు సామాన్లు పెట్టే స్టోరులో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పదకొండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాడు. రిటైరయ్యాక కొడుకు పేరు మీదున్న రైల్వే క్వార్టర్లో టీవీ ఎదురుగా ఇంకో కుర్చీలో రెండేళ్ళు. ఎవరైనా "కాస్త నడవరాదా" అంటే చాలు, "నేను నడవాల్సిందంతా ఎప్పుడో నడిసేసినాను. ఇంక మిగిలినోళ్ళు నడవండి," అనేవాడు. పొట్ట మూరెడు ముందుకు పెరిగింది. షుగరొచ్చింది. చెప్పులు తొడుక్కోవడానికి కూడా భార్య స్వర్ణకుమారిని పిలిచేవాడు.

రిచర్డ్‌ను పూడ్చిన మూడో రోజు సాయంత్రం, సత్యవేదం తన కోడలు షైని దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. షైని ఒక బళ్ళో ఆటల టీచరు. ఇంట్లో కూడా మెడలో ఈల వేలాడుతూనే ఉంటుంది.

"షైనీ, నువ్వు పిల్లలకి కసరత్తులు నేర్పుతావు గదా. ముసలోళ్ళకి గూడా నేర్పుతావేటి?"

షైని చేతిలో బట్టలు మడతపెడుతూ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"ముసలోళ్ళకి నేర్పను మావయ్యా. సెప్పినమాట వినేవాళ్ళకి నేర్పుతాను."

"ఇంటాను."

"అయితే ముందు డాక్టరు. ఆ తర్వాత బూట్లు. ఆ తర్వాత పది నిమిషాలు."

"పది నిమిషాలేటి? నేను కీమేన్ని!"

"ఇదిగో, అప్పుడే ఇనడం మానేసినావు," అంది షైని.

డాక్టరు అన్నీ చూసి, మెల్లగా మొదలుపెట్టమన్నాడు. బూట్లు వచ్చాయి. తెల్లవి, పక్కన నీలం గీతలతో, పడవల్లా ఉన్నాయి. ఆ మొదటి పొద్దున షైని పక్కన నడుస్తుంటే క్వార్టర్ల వరసలోని ఆడవాళ్ళంతా కుళాయి దగ్గర బిందెలు వదిలేసి చూశారు. ఐదు నిమిషాలు వెళ్ళడం, ఐదు నిమిషాలు రావడం. వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పది నిమిషాలకే పిక్కలు రాళ్ళయ్యాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. స్వర్ణకుమారి మాత్రం అడక్కుండానే ఆవనూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

వారం తిరిగేసరికి కాలనీ మైదానంలో రోజూ ఒక చుట్టు తిరగొచ్చని షైని సెలవిచ్చింది. తనకు బడి ఉంది కాబట్టి ఆయన ఒక్కడే వెళ్ళేవాడు. ఆ మైదానంలోనే రామచంద్రమూర్తి తగిలాడు.

రామచంద్రమూర్తికి గోల్ బజార్‌లో బట్టల కొట్టుంది. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పుట్టిన దగ్గర్నుంచీ పరుపు మీద కూర్చుని గుడ్డలు కొలిచిన మనిషి. మూడేళ్ళ కిందట ఎవరో చెప్పారని నడక మొదలెట్టాడు. నడవడానికి గోల్ బజార్ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. వచ్చి, స్కూటరు నీడలో పెట్టి, చేతులు రెండూ ఊపుకుంటూ చకచకా తిరిగేవాడు. సత్యవేదం ఒక్క చుట్టు పూర్తిచేసేలోగా ఆయన మూడుసార్లు దాటిపోయేవాడు. దాటిన ప్రతిసారీ పలకరింపు.

"గుడ్ మార్నింగండీ సత్యవేదం గారూ!"

మంచి మనసుతోనే అనేవాడు. కానీ ఒక చుట్టులో మూడు గుడ్ మార్నింగులు సత్యవేదానికి మూడు మేకుల్లా దిగేవి. గుడ్డలు కొలిచేవాడు, గద్దె దిగనివాడు నన్ను దాటిపోవడమా! ఐదో రోజు మూడో గుడ్ మార్నింగు పడగానే, ఆయన మైదానం వదిలి రోడ్డెక్కాడు. ఎక్కడికని ఎవరికీ చెప్పలేదు. ఊరవతల పోలీసు కేంపున్న సాలువా దాకా పోయి రావాలని మనసులో అనేసుకున్నాడు.

పోవడం బాగానే పోయాడు. నవంబరు చలి. రోడ్డు పక్క పొలాల మీద మంచు. అడుగు అడుగుకీ పాత రోజులు గుర్తొచ్చి హుషారెక్కింది. 'చూశావా, కాళ్ళు మర్చిపోలేదు' అనుకున్నాడు. కాళ్ళు మర్చిపోలేదు గానీ, పోయినవాడు తిరిగి రావాలన్న సంగతి ఆయనే మర్చిపోయాడు. పోలీసు కేంపు ఇంకా కొంచెం దూరంలో ఉందనగా మడమ వాచి బూటులో ఇరుక్కుంది. కళ్ళు తిరిగాయి. ఒక కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. జేబులో ఫోను లేదు.

ఒక రైతు తన పొలంలోంచి చూసి వచ్చాడు. నీళ్ళు తాగించాడు. గమ్‌ఛాలో మూటగట్టుకున్న మరమరాలు దోసెడు పెట్టాడు.

"కోథాయ్ జాబేన్ దాదా?" ఎక్కడికి పోవాలని అడిగాడు.

"ట్రాఫిక్," అన్నాడు సత్యవేదం, తల వంచుకుని.

ఆ రైతు కాలీఫ్లవర్లు వేసుకుని మార్కెట్టుకు పోతున్నాడు. మూడు చక్రాల తొక్కుడు బండి, వెనకాల చెక్క బల్ల. ఆ బల్ల మీద కాలీఫ్లవర్ల గుట్టను పక్కకు జరిపి సత్యవేదాన్ని కూర్చోబెట్టాడు. చుట్టూ పచ్చని ఆకులు, మధ్యలో ఈయన తెల్లబూట్లు. సరిగ్గా కుళాయికి నీళ్ళొచ్చే వేళకు బండి క్వార్టర్ల వరసలోకి తిరిగింది.

స్వర్ణకుమారి గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"కాలీఫ్లవరు ఒకటి తెమ్మన్నాను గానీ, బండెడు తెమ్మన్నానేటయ్యా?"

రైతు వద్దంటున్నా ఆపి టీ ఇచ్చి పంపింది. ఆ తర్వాత మొగుణ్ణి లోపలికి తీసుకుపోయి మొదలెట్టింది. అప్పుడు పెట్టిన చివాట్లు మధ్యాహ్నం భోజనాల దాకా సాగాయి.

షైని మాత్రం ఒక్క మాటనలేదు. ఒక రోజు, రెండు రోజులు. కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్న సత్యవేదానికి ఆ చివాట్ల కంటే ఈ మౌనమే ఎక్కువ నొప్పి పెట్టింది. మూడోరోజు షైని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మావయ్యా, ఒక మాట అడుగుతాను. నువ్వు కీమేన్ పనిలో సేరిన మొదటి రోజే నిన్ను పన్నెండు కిలోమీటర్లు పంపినారేటి?"

"ఎందుకు పంపుతారు? అలగెవడైనా పంపుతాడా? మా గేంగుకి పెద్ద, మేటు ఉమాశంకర్ అని ఉండేవోడు, బీహారీ ఆయన. మొదట్ల ఆయన వెనకాలే నడిపించినాడు. సగం బీటు, అదీ సుత్తి లేకుండా. 'బేటా, పరుగెత్తేవోడు కీమేన్ కాడు, ఆగిపోయేవోడూ కాడు' అనీవోడు. నెలా నెలన్నర..."

అక్కడ ఆగిపోయాడు. షైని గోడ మీదున్న బల్లి వైపు చూస్తోంది. సత్యవేదం గడ్డం గోక్కున్నాడు.

"సరేలేయే. అర్థమైనాది," అన్నాడు.

"ఇంక నీ మేటుని నేనే. సరేనా?"

"సరే మేటు గారూ."

వాపు తగ్గాక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. నిమిషాలూ వద్దు, మైదానంలో చుట్లూ వద్దు. ఇంటి ముందు నుంచి పెద్ద రోడ్డు దాకా కరెంటు స్తంభాలున్నాయి. మొదటి రోజు ఆరు స్తంభాలు పోయి వెనక్కి రావడం. ఆ తర్వాత రోజుకొక స్తంభం పెంచుకోవడం. ఎంత హుషారుగా ఉన్నా రెండు పెంచకూడదు. ఒంట్లో బాగోలేకపోతే నిన్నటి స్తంభం దగ్గరే తిరిగిపోవచ్చు గానీ, బొత్తిగా మానకూడదు. ఇది సత్యవేదానికి నచ్చింది. లైను పక్కన కూడా స్తంభాలుండేవి, వాటికి నంబర్లుండేవి. ఈయనా తన స్తంభాలకు మనసులో నంబర్లు వేసుకున్నాడు.

ఇంట్లో పని వేరే. కుర్చీలోంచి చెయ్యి ఊతం లేకుండా లేవడం, కూర్చోవడం పదిసార్లు. తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం ముప్పై అంకెలు. "పదమూడేళ్ళు కుర్చీలో కూకోని కొవ్వు పట్టించినావు, ఇప్పుడు ఆ కుర్చీతోనే దింపుతున్నావు," అని స్వర్ణకుమారి వంటింట్లోంచి నవ్వేది. నవ్వుతూనే అంకెలు ఆవిడే పైకి లెక్కపెట్టేది. ఒక్కోసారి పన్నెండు తర్వాత పది అనేది. ఆయన పళ్ళు కొరికి నిలబడేవాడు.

డిసెంబరులో ఒక రోజు షైని ఆయన వెనకాలే నడుస్తూ ఒక విచిత్రం కనిపెట్టింది. మావయ్య ఎంత ఖాళీ రోడ్డు మీదైనా పొట్టి అడుగులే వేస్తున్నాడు. అన్నీ ఒకే కొలత. మర్నాడు ఆయన అడుగు పడిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసి, తర్వాత టేపు పెట్టి కొలిచింది. వరసగా ఇరవై అడుగులు, బెత్తెడు తేడా కూడా లేదు.

"ఇదేటి మావయ్యా, యంత్రంలాగ?"

సత్యవేదం గీతల వైపు చూసి పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, ఇది స్లీపరు కొలత! పట్టాల కింద దిమ్మకీ దిమ్మకీ మధ్యన ఎంత దూరమో నా అడుగూ అంతే. దిమ్మ మీద అడుగు పడకపోతే కంకర్లో పడతాది. కంకర్లో పడితేనే గదా ఈ కాలు ఇలగైనాది."

కాళ్ళకు ఇంకా పట్టాలే కనిపిస్తున్నాయన్నమాట. షైని ఆ గీతలు చెరిపి కాస్త ఎడంగా కొత్తవి గీసింది. వాటి మీద అడుగు వేయడానికి ఆయనకు పదిరోజులు పట్టింది. మొదట్లో గీత దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లాడు కాలువ దాటినట్టు గెంతేవాడు. వీధిలో నవ్వని మనిషి లేడు. కానీ ఈ నవ్వులకు ఆయనకు కోపం రావడం మానేసింది.

కళ్ళకూ ఒక పాత అలవాటు ఉండిపోయింది. నడిచేటప్పుడు ఆయన చూపు నేల మీదే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు ఊడిన కీ కోసం వెతికిన కళ్ళు మరి. ఈ కళ్ళ వల్ల ఆయనకు కాలనీలో కొత్త పేరొచ్చింది. మొదట ఒక వెండి పట్టీ దొరికింది, నాలుగిళ్ళవతల ఇందుది. తర్వాత ఎవరిదో తాళంచెవి. క్రిస్మస్ ముందు, మైదానంలో నడిచే ఒక బెంగాలీ పెద్దావిడ చెవి మిషను పడిపోయింది. నలుగురైదుగురు గంటసేపు గడ్డిలో వెతికారు. తన స్తంభాల దారి మైదానం పక్కనుంచే కాబట్టి సత్యవేదం ఆగి వచ్చి, ఆవిణ్ణి ఎటునుంచి ఎటు నడిచారో అడిగి, అదే దారిలో తన పొట్టి అడుగులతో ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచాడు. రెండో దఫాలో వంగి, గోరంత వస్తువు తీసి చేతిలో పెట్టాడు.

"అరే దాదా, ఆప్నీ తో జాదూకర్!" మీరు ఇంద్రజాలికులేనని మెచ్చుకుందావిడ. చెవిలో పెట్టుకుని, "ఇంకోసారి చెప్పండి," అంది, ఆయన ఏమీ అనకపోయినా.

ఆయన్ని సంతోషపెట్టింది ఆ మెచ్చుకోలు కాదు. వంగాడు, తీశాడు, మళ్ళీ నిటారుగా లేచాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆ సంగతి ఇంటికొచ్చి స్వర్ణకుమారికి రెండుసార్లు చెప్పాడు.

జనవరిలో ఆ మైదానం నుంచి వినిపించే గుడ్ మార్నింగులు ఆగిపోయాయి. మొదటి రోజు ప్రాణం హాయిగా అనిపించింది. నాలుగో రోజుకు వెలితిగా తోచింది. పదో రోజుకు సత్యవేదం స్తంభాల లెక్క పక్కన పెట్టి, షైనికి చెప్పి మరీ, గోల్ బజార్‌కు నడుచుకుంటూ వెళ్ళాడు. కొట్లో గద్దె మీద రామచంద్రమూర్తి భార్య కన్యకాంబ కూర్చుని ఉంది.

"మీకు తెలీదేటండీ?" అందావిడ. "ఛాతీలో నొప్పొచ్చి కలకత్తా తీసుకెళ్ళినాం. స్టెంటు వేసినారు. ఇప్పుడు బాగానే ఉన్నాది. రోజూ మెల్లగా నడవమని డాక్టరు గట్టిగా సెప్పినాడు. ఈయనేమో మంచం దిగితే ఒట్టు. పైనే ఉన్నారు, మీరైనా ఒక మాట సెప్పండి."

ఇల్లు కొట్టు పైనే. రామచంద్రమూర్తి మెడదాకా శాలువా కప్పుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు. చకచకా చేతులూపుకుంటూ తిరిగిన మనిషేనా అనిపించింది. సత్యవేదాన్ని చూసి లేవబోయి, మళ్ళీ ఒరిగిపోయాడు.

"మూడేళ్ళు నడిసినానండీ," అన్నాడు సన్నగా. "ఒక్క రోజు మానలేదు. అయినా నాకే వచ్చినాది. ఇప్పుడు అడుగేస్తే చాలు, లోపల ఆగిపోద్దేమోనని భయం. నిజం సెప్తున్నాను, నాకు భయమండీ."

ఓదార్చే మాటలు సత్యవేదానికి రావు. ఇరవై ఆరేళ్ళు మాట్లాడే తోడు లేకుండా పనిచేసిన మనిషి. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎందుకో తెలీదు, సాలువా కథ మొదలుపెట్టాడు. మూడు గుడ్ మార్నింగుల దగ్గర్నుంచీ చెప్పాడు. ఎంత కుళ్ళుకున్నాడో దాచకుండా చెప్పాడు. కల్వర్టు గోడ, మరమరాలు, కాలీఫ్లవర్ల మధ్యన తెల్లబూట్లు, కుళాయి దగ్గర ఆడవాళ్ళు, బండెడు తెమ్మన్నానేటయ్యా అన్న స్వర్ణకుమారి. అంతవరకు ఆ కథ ఊరివాళ్ళు చెప్పుకునేవారే తప్ప, తన నోటితో తాను చెప్పడం అదే మొదటిసారి.

రామచంద్రమూర్తి మొదట మర్యాదకు విన్నాడు. తర్వాత మూతి బిగించుకున్నాడు. కాలీఫ్లవర్ల దగ్గరికొచ్చేసరికి ఛాతీ పట్టుకుని, "బాబ్బాబు, నవ్వించకండి, కుట్టుతాది," అంటూ లేచి కూర్చున్నాడు.

"లెగిసినారు గదా. ఆ కిటికీ దాకా రండి. వీధిలో ఎవరున్నారో సూద్దాం."

"కిటికీ దాకేనా?"

"కిటికీ దాకే. అంతకు మించి ఒస్తానన్నా నేను ఒప్పుకోను. మా మేటుకి తెలిస్తే నన్ను తిడతాది."

కిటికీ దాకా ఎనిమిది అడుగులు. మర్నాడు మెట్ల దాకా. ఆ మర్నాడు ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి సత్యవేదం భుజం మీద వేసి మెట్లు దిగి కొట్లోకి. కన్యకాంబ గద్దె మీద నుంచి లేచి కళ్ళు తుడుచుకుని, వెంటనే ఎవరో చీర అడిగితే చూపించడంలో పడిపోయింది. తర్వాత వారం పక్క కొట్టు, ఆ పక్క కొట్టు. గోల్ బజార్‌లో స్తంభాలకు బదులు కొట్లే లెక్క. గాజుల కొట్టు, మిఠాయి కొట్టు, గిన్నెల కొట్టు. మిఠాయి కొట్టు దగ్గర మాత్రం ఆగకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

రోజూ ఈ పని మీద సత్యవేదం ట్రాఫిక్ నుంచి గోల్ బజార్‌కు నడిచి వెళ్ళి, నడిచి వస్తున్నాడు. అది తన కసరత్తని ఆయనకు గుర్తు కూడా లేదు. మూర్తిగారు ఎదురుచూస్తుంటారని పొద్దున్నే లేచేవాడు, బూట్లు తనే వంగి తొడుక్కునేవాడు, బయల్దేరేవాడు. ఒకరోజు ప్యాంటు జారిపోతుంటే స్వర్ణకుమారి బెల్టుకు కొత్తగా రెండు చిల్లులు పొడిచి ఇచ్చింది. ఫిబ్రవరి చివర డాక్టరు కాగితాలు చూసి, షుగరు మాత్ర ఒకటి తగ్గించాడు. షైని ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అతికించి, ఈల ఊదింది. అనిల్ కుమార్ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, "ఏటయినాది?" అన్నాడు.

"మీ నాన్న మూడో సుట్టు మొదలెట్టినాడు," అంది స్వర్ణకుమారి.

మార్చిలో ఒక శనివారం సత్యవేదం ఒక్కడే ప్రేమ్ బజార్ దాకా వెళ్ళొచ్చాడు. కాలేజీ పిల్లల సైకిళ్ళ మధ్యన నిలబడి మట్టికప్పులో పాలు లేని టీ తాగాడట. ఆ టీలో నిమ్మకాయ, నల్లుప్పు వేస్తాడట. రెండోసారి తాగాలనిపించి ఆగాడట. అదంతా ఆయన వర్ణించి చెబుతుంటే, స్వర్ణకుమారి బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది. విని విని చాట కింద పెట్టింది.

"ముప్పై ఏడేళ్ళయినాది నిన్ను సేసుకుని. నువ్వు నడుస్తానే ఉన్నావు, నేను గుమ్మంలో నిలబడి సాగనంపుతానే ఉన్నాను. నాకూ కాళ్ళున్నాయి."

సత్యవేదం ఆవిడ మోకాళ్ళ వైపు చూశాడు. "నీకు మోకాలు నొప్పి గదా?"

"నీకు మడమ నొప్పి లేదేటి?"

"ఎండ..."

"పొద్దున్నే పోదాం."

ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. అంతకు ముందే, ఆరున్నరకు, ఇద్దరూ బయల్దేరారు. ప్రేమ్ బజార్ దాకా వద్దు, పెద్ద రోడ్డు మీద టీ బల్ల దాకా చాలని షైని ముందే హద్దు గీసింది. స్వర్ణకుమారి షైని పాత బూట్లు తొడుక్కుంది. కాలనీ దాటే వరకూ ఎవరైనా చూస్తారేమోనని రెండడుగులు వెనకాల నడిచింది. దాటాక పక్కకొచ్చింది. ఆవిడ నడక ఆయన నడకలా కాదు. కాసేపు గబగబా, కాసేపు మెల్లగా. ఎవరింటి ముందో గులాబీ మొక్క కనిపిస్తే అక్కడ ఆగడం, దాని గురించి మాట్లాడడం. సత్యవేదానికి మొదట కాళ్ళు తడబడ్డాయి. ఇరవై ఆరేళ్ళలో ఆయన పక్కన ఎవరూ నడవలేదు. పట్టాల మీద ఇద్దరు మాట్లాడుకుంటూ నడిస్తే ఒక కీ తప్పిపోతుంది. ఇక్కడ తప్పిపోవడానికి ఏమీ లేదు.

"అన్నేళ్ళు ఒక్కడివీ నడిసినావు గదా," అందావిడ, పమిట సర్దుకుంటూ. "అంతసేపూ ఏటాలోసించేవోడివి?"

ఆయన నిజంగానే గుర్తుచేసుకుని చెప్పాడు.

"పోయినప్పుడు కీల గురించి. ఒచ్చినప్పుడు నువ్వేం కూరొండినావో అని."

"అంతేనా?"

"అంతే. మధ్యలో హిజ్లీ దగ్గర కాసేపు దేవుడి గురించి."

స్వర్ణకుమారి రోడ్డు మీదే నిలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఒక స్తంభానికి ఆనుకుని, బూటు విప్పి, లోపల పడిన చిన్న రాయిని దులిపింది. సత్యవేదం చెయ్యందిస్తే పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మళ్ళీ తొడుక్కుంది.

"ఇటు ఎండొచ్చేస్తన్నాది. అవతల పక్కకి పోదాం, నీడున్నాది," అంది.

ఒక లారీ పోనిచ్చి, ఇద్దరూ రోడ్డు దాటారు.